శేషం నాలుగు

నాకు ఒక సంఖ్య నోటికి వచ్చు. రెండు కోట్ల నలభై అయిదు లక్షల పద్నాలుగు వేల నూట డెబ్బై తొమ్మిది. ఇది ఎవరి ఫోన్ నంబరూ కాదు, ఏ ఖాతా నంబరూ కాదు. పదిహేనేళ్ల కింద ఒక అమ్మాయి నాకు ఫోనులో చదివి వినిపించిన సంఖ్య. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినప్పుడు, మంగలి షాపులో వంతు కోసం కూర్చున్నప్పుడు, దాన్ని మనసులో పెట్టుకుని భాగించుకుంటూ ఉండడం నాకు అలవాటు.

దాని గుణాలు నాకు తెలిసినంతగా మా అన్నదమ్ముల గుణాలు కూడా తెలియవు. అది బేసి సంఖ్య. అంకెలన్నీ కూడితే ముప్పై మూడు, కాబట్టి మూడుతో శేషం లేకుండా పోతుంది. మూడుతో భాగించగా వచ్చినదాన్ని నలభై మూడు దాకా ఏ ప్రధాన సంఖ్యతో భాగించినా పోదు. ఆ తర్వాత విసుగొచ్చి వదిలేశాను. ఇక ఏడుతో భాగిస్తే నాలుగు మిగులుతుంది. నా బతుకుకు సంబంధించింది ఆ చివరి ముక్క ఒక్కటే, మిగతాదంతా పని లేని మంగలి పిల్లి తల గొరిగినట్టు చేసిన పని.

మాది రావిర్యాల పక్కన చిన్న ఊరు. డిగ్రీ అయ్యాక, విమానాశ్రయం ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, సరుకు పంపే ఒక ఏజెంటు దగ్గర నాకు ఉద్యోగం దొరికింది. కార్గో షెడ్డు మీద మేడగది, ఒక కంప్యూటరు, ఒక ఫోను. కింద షెడ్డులో పెట్టెల మీద అంటించిన ఎయిర్‌వే బిల్లు, అంటే విమాన సరుకు రశీదు, నంబర్లను ఒకరు చదువుతుంటే పైన నేను టైపు చేయాలి. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నవాడిని, ఈ పని నా స్థాయికి తక్కువ అని మొదటివారం ముఖం ముడుచుకునే చేశాను.

కింద చదివేది ఆ అమ్మాయి. వాళ్ల నాన్న శంషాబాద్‌లోనే దర్జీ. ఇంట్లో దక్కనీ మాట్లాడేవాళ్లు, మాతో మాత్రం మాకంటే చక్కటి తెలుగు మాట్లాడేది. కానీ అంకెల దగ్గరికి వచ్చేసరికి ఆమెకు తెలుగు పనికొచ్చేది కాదు. ఎనిమిది అంకెల నంబరును రెండేసి చొప్పున విడదీసి దక్కనీలో గడగడా చదివేసేది. చౌబీస్, ఇక్యావన్, ఇకతాలీస్. ఇరవై నాలుగు, యాభై ఒకటి, నలభై ఒకటి అని మనసులో మార్చుకుంటూ నేను వెంటపడి టైపు చేసేవాణ్ణి.

ఆ అంకెల్లో నాకు కొరకరాని కొయ్య ఒకటి ఉంది. పంతొమ్మిదిని ఉన్నీస్ అంటారు, అంటే ఇరవైకి ఒకటి తక్కువ. ఇరవై తొమ్మిది, ముప్పై తొమ్మిది, అన్నీ అంతే, ముందున్న పదికి ఒకటి తక్కువ అని పేరు. డెబ్బై తొమ్మిది ఉన్నాసీ, అస్సీకి, అంటే ఎనభైకి, ఒకటి తక్కువ. ఇంతవరకు బాగుంది. ఆ లెక్కన ఎనభై తొమ్మిదికి తొంభై పేరు రావాలి కదా, రాదు. అది నవాసీ. అందులోనూ అస్సీయే వినిపిస్తుంది. తొమ్మిది అని, చివర అస్సీ అని వినపడగానే నా చెయ్యి ఆలోచించకుండా డెబ్బై తొమ్మిది కొట్టేసేది.

మొదటి నెలలోనే ఆ పొరపాటుకు మందుల పెట్టె ఒకటి సగం రోజు దొరకలేదు. అది ఉన్నచోటే ఉంది, నా కంప్యూటరులోనే లేదు. ఆమె మెట్లెక్కి పైకి వచ్చి తెర మీద నంబరు చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"నవాసీ అన్న నేను. నవాసీ. ఇండ్ల నవ్వు ఉంటది, యాదిల పెట్టుకోండి. ఉన్నాసీ అంటే ఉన్నదాంట్ల ఒకటి తక్కువ."

"రెండూ ఒక్కతీర్గనే ఇనబడుతయి గద," అన్నాను.

"గట్లయితే ఏడుతో చూస్కోండి. తప్పయితే అదే చెప్తది."

అప్పటిదాకా ఆ సంగతి నాకు తెలియదు, నూటికి నూరు వచ్చినా తెలియదు. ఎయిర్‌వే బిల్లు నంబరులో మొదటి ఏడు అంకెలను ఒకే సంఖ్యగా తీసుకుని ఏడుతో భాగిస్తే ఎంత మిగులుతుందో, అదే ఎనిమిదో అంకెగా వేస్తారు. ఏడుతో భాగిస్తే ఆరుకు మించి మిగలదు కాబట్టి, ఏ బిల్లు నంబరూ ఏడుతోగాని, ఎనిమిదితోగాని, తొమ్మిదితోగాని ముగియదు. మధ్యలో ఒక అంకె తప్పు పడిందా, చాలావరకు శేషం తేడా వచ్చి పట్టిస్తుంది. ఆ రోజు నుంచి ప్రతి నంబరునూ టైపు చేస్తూనే మనసులో ఏడుతో భాగించేవాణ్ణి. డెబ్బై తొమ్మిది పెట్టినప్పుడు శేషం కుదరకపోతే ఎనభై తొమ్మిది పెట్టేవాణ్ణి, కుదిరేది. మళ్లీ ఒక్క తప్పు పోలేదు. నా చెవి మాత్రం ఏమీ నేర్చుకోలేదు. నేను నేర్చేసుకున్నానని ఆమె అనుకుంది, నేనూ ఆ గొప్పను కాదనలేదు.

ఏడు మా ఇద్దరికీ ఆటగా మారింది. లారీ నంబరు ఏడుతో పోతే ఆ పూట చాయ్ ఖర్చు నాది, శేషం మిగిలితే ఆమెది. ఏదైనా అడిగితే నోటితో అవునని, కాదని చెప్పడం మానేసి ఒక సంఖ్య చెప్పేది. ఏడుతో పోతే అవును, మిగిలితే కాదు. "రేపు సెలవా?" అంటే "మున్నూట నలభై మూడు" అనేది. నేను భాగించుకునేసరికి ఆమె సగం షెడ్డు దాటిపోయి ఉండేది. "మీ తెలుగోళ్లకు ఏడంటే ఏడుపే గద, గందుకే మీకు తొందరగ రాదు," అని ఎక్కిరించేది.

షెడ్డులోకి పోవాలంటే మెడలో పాసు ఉండాలి. నా పాసు నంబరు నాలుగు వేల రెండు వందల ఏడు. దాన్ని చూడగానే ఆమె నవ్వింది. నలభై రెండు, ఏడు, రెండూ ఏడో ఎక్కంలోవే. ఏడు ఆరువందల ఒకట్లు. "నిన్ను కోసుడు అల్కగున్నది," అంది. భాగించడాన్ని ఆమె కోయడం అనేది, నన్ను కోయడం తేలికట. మీరు కాస్తా నువ్వు అయింది ఆ రోజే.

ఆమెది అయిదు వేల ఎనిమిది వందల ఇరవై ఏడు. దాన్ని దేనితో కోయాలో చూద్దామని ఇద్దరం ఒక మధ్యాహ్నం అట్టపెట్టె మూత మీద పెన్సిలుతో కూర్చున్నాం. మూడుతో పోలేదు, ఏడుతో పోలేదు, పదకొండుతో పోలేదు. డెబ్బై ఏడును డెబ్బై ఏడుతో గుణిస్తే ఆ సంఖ్యను దాటిపోతుంది కాబట్టి డెబ్బై మూడు దాకా చూస్తే చాలు అన్నాను. అన్నీ చూశాం. చాయ్ చల్లారిపోయింది. దేనితోనూ పోలేదు. ఆమె లేచి పాసును మెడలో సరిచేసుకుంది.

"మై కిస్‌సే బీ నై కట్తీ," అంది, అంటే నేను దేనికీ తెగను అని. అట్టమూతను నేను ఇంటికి తెచ్చుకున్నాను. ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో తెలియదు.

పని అయ్యాక షెడ్డు వ్యాను మమ్మల్ని శంషాబాద్ బస్టాపు దగ్గర దింపేది. అక్కణ్ణించి నేను మా ఊరి బస్సు కోసం నిలబడేవాణ్ణి. ఆమె ఇల్లు మసీదు వెనుక గల్లీలో, అయిదు నిమిషాల నడక. వేలాడుకుంటూ వచ్చే బస్సులను చూసి, "నేనైతే బస్సెక్కి ఎన్నేండ్లయిందో, పాతబస్తీకి గూడ మామయ్య ఆటోలనే పోతం," అని గొప్పలు చెప్పి నడిచిపోయేది. గల్లీ మలుపు తిరిగేదాకా చూసేవాణ్ణి. ఒక్కోరోజు మా బస్సు వచ్చి వెళ్లిపోయేది కూడా.

ఒక వేసవిలో ఆమె ముభావంగా ఉండడం మొదలుపెట్టింది. రెండు రోజులు అడిగితే మూడో రోజు చెప్పింది, ఇంట్లో షాద్‌నగర్ సంబంధం చూస్తున్నారని. అప్పటిదాకా మా మధ్య ఉన్నదాన్ని నేను స్నేహమనే అనుకుంటున్నానని చెబితే అబద్ధం, కానీ పేరు పెట్టే ధైర్యం మాత్రం చేయలేదు. మా ఇంట్లో ఏమంటారు, వాళ్లింట్లో ఏమంటారు, ఊరు ఏమంటుంది, అన్నీ తెలుసు. అయినా గురువారం పూట చీటీ మీద రాసి ఆమె చేతిలో పెట్టాను. నాతో బతుకుతావా, మిగతాది ఇద్దరం కలిసి చూసుకుందాం అని. ఆమె మడిచి పాసు వెనుక పెట్టుకుంది.

"రేపు చెప్త," అంది. "ఎట్ల చెప్తనో నీకెర్కే."

మరునాడు ఉదయం ఫోను మోగింది. ఆమె చుట్టూ హమాలీలు ఉన్నారు, నా చుట్టూ గదిలో ముగ్గురు ఉన్నారు. రోజూలాగే నంబర్లు చదివింది. పది పెట్టెలు, పది నంబర్లు. ఆ తర్వాత ఒక క్షణం ఆగి పదకొండోది చదివింది. చౌబీస్, ఇక్యావన్, ఇకతాలీస్. అప్పుడే విమానం ఒకటి పైకి లేస్తోంది, మేడగది అద్దాలు గలగలలాడుతున్నాయి. చివరి ముక్క ఆ హోరులోంచే వచ్చింది. నా చెయ్యి కాగితం మీద డెబ్బై తొమ్మిది రాసింది.

తొమ్మిదితో ముగిసింది కాబట్టి ఇది ఏ పెట్టెదీ కాదు, నాది. ఎనిమిది అంకెలనూ ఏడుతో భాగించాను. నాలుగు మిగిలింది. మళ్లీ భాగించాను. మళ్లీ నాలుగే.

"రాసుకున్నరా?" అని ఫోనులో అడిగింది. నలుగురిలో కదా, మీరు అంది.

"రాసుకున్న."

"ఏడుతో చూసుకున్నరా?"

"చూసుకున్న. సమజయింది," అన్నాను.

"అచ్ఛా," అంది. ఆ గొంతులో ఏదో బరువు దిగినట్టు తోచింది. కాదని చెప్పి బయటపడ్డందుకు అనుకున్నాను.

నేను ఆమెను మళ్లీ అడగలేదు. చదువుకున్నవాణ్ణి, మర్యాద తెలిసినవాణ్ణి, కాదన్నాక వెంటపడకూడదు అని నాకు నేనే పెద్దమనిషి బిరుదు ఇచ్చుకున్నాను. ఆ మధ్యాహ్నమే ఒంట్లో బాగాలేదని వచ్చేశాను, శనివారం సెలవు పెట్టాను. సోమవారం పనికి పోయాను గానీ షెడ్డులోకి దిగలేదు. నంబర్లు చదవడానికి ఆమె ఫోను చేస్తే పక్క సీటు అతన్ని తీసుకోమన్నాను. సాయంత్రం వ్యాను ఎక్కలేదు. ఎండలో పెద్ద రోడ్డు దాకా నడిచి అక్కడే బస్సు పట్టుకున్నాను. ఆ బస్సు శంషాబాద్ స్టాపులో ఆగింది. ఆమె అక్కడ నిలబడి ఉంది, ఆకుపచ్చ దుపట్టా. ఇబ్బంది పెట్టడం ఎందుకని తల వంచుకుని చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను. బస్సు కదిలాకే తల ఎత్తాను.

ఆ వారంలోనే ఆమె పని మానేసింది. రెండు నెలలకు షాద్‌నగర్ ఇచ్చారని హమాలీ ఒకతను చెప్పాడు. నేను ఇంకో ఏడాది అక్కడే ఉండి, తర్వాత కాటేదాన్‌లో ఒక గోదాములో చేరాను. శంషాబాద్ నుంచి షాద్‌నగర్‌కు గంటకు ఎన్ని బస్సులో నాకు లెక్క లేదు. వాటిలో ఒక్కటీ ఎక్కలేదు. ఒక్కటి కూడా కిటికీల్లోకి చూడకుండా పోనివ్వలేదు. ఆమె కావాలని ఉండేది. నాకూ పెళ్లయింది, పిల్ల పుట్టింది, నా సంసారంలో నాకు లోటేమీ లేదు. అయినా ఏడో ఎక్కం వినబడితే చాలు, అట్టమూత మీద చల్లారిన చాయ్ గుర్తొచ్చేది.

నా భార్యకు ఈ కథంతా తెలుసు. పెళ్లయిన మొదటి ఏడే చెప్పాను. ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. అప్పుడప్పుడు నేను పరధ్యానంగా ఉంటే, "ఏంది, ఏడుల ఆమె యాదికొచ్చిందా?" అని పప్పు వడ్డిస్తుంది.

పోయిన నెల మోకాలి నొప్పికి శంషాబాద్ దవాఖానకు పోయాను. టోకెన్ డెబ్బై తొమ్మిది. ఇంకా చాలామంది ఉన్నారు కదా అని బయట చాయ్ తాగి నింపాదిగా వచ్చేసరికి లోపల ఆయా గట్టిగా పిలుస్తోంది, "నవాసీ! నవాసీ!" అని. గుంపును తోసుకుంటూ పరుగు లాంటి నడకతో వెళ్లి టోకెన్ చూపించాను.

"ఓ అన్నా, గిది ఉన్నాసీ," అంది ఆయా. "నేను పిలిచింది నవాసీ. నీదెప్పుడో అయిపాయె, నీ ఎన్క ఇది పదో నంబరు."

నా వెనుక నుంచి ఒక ముసలమ్మ, "జర హటో బేటా," అని నన్ను పక్కకు జరిపి లోపలికి పోయింది. ఆమె చేతిలోని టోకెన్ ఎనభై తొమ్మిది.

నేను బల్ల మీద కూర్చున్నాను. పదో నంబరు. పది తేడా. పదిని ఏడుతో భాగిస్తే మూడు మిగులుతుంది. నా దగ్గర ఉన్న శేషం నాలుగు. నాలుగూ మూడూ ఏడు. ఏడుతో పోతుంది. పెన్ను కూడా అక్కర్లేకపోయింది. పదిహేనేళ్లు నేను మోసింది ఆమె చెప్పిన సంఖ్య కాదు. ఆమె చెప్పింది నూట ఎనభై తొమ్మిదితో ముగుస్తుంది, అది ఏడుతో పోతుంది. ఆమె అవునంది.

చేతులు ఊరుకోలేక, టోకెన్ వెనుక భాగించాను. ఏడుతో భాగిస్తే ముప్పై అయిదు లక్షల రెండు వేల ఇరవై ఏడు వచ్చింది. అవునని చెప్పడానికి ఏడైనా సరిపోయేది, పద్నాలుగైనా సరిపోయేది. ఇంత పెద్ద సంఖ్య ఎందుకు వెతికిందో అనుకున్నాను. ఒక రాత్రంతా ఆలోచించే సమయం ఉన్న మనిషి, ఊరికే ఏదో ఒకటి చెప్పదు. నా పాసు నంబరును ఏడుతో భాగిస్తే వచ్చేది ఆరువందల ఒకటి. ముప్పై అయిదు లక్షల సంఖ్యను దానితో భాగించాను. పోయింది. వచ్చింది అయిదు వేల ఎనిమిది వందల ఇరవై ఏడు.

అది ఆమె పాసు నంబరు. దేనికీ తెగనన్న సంఖ్య. దాన్ని నా నంబరుతో గుణించి ఇచ్చింది. ఏడుతో పోవడానికి ఆ ఏడు కూడా నాలోంచే తీసుకుంది. నేను ఆ రోజు శేషం చూడగానే కాగితం మడిచేయకుండా, ఇంకొక్కసారి చదవమని అడిగి ఉంటే చాలు. నలుగురు ఉన్నారని సిగ్గుపడ్డాను. ఆ తేడా ఇంకా నా చెవికి పట్టలేదని ఒప్పుకోవడానికి ఇంకా సిగ్గుపడ్డాను.

మోకాలు చూపించుకోకుండానే ఇంటికి వచ్చేశాను. నా భార్య గడప దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని టోకెన్ చూపించి అంతా చెప్పాను, ఏడు, ఆరువందల ఒకటి, పాసు నంబర్లు, అన్నీ. అంత బాధలోనూ లెక్క కుదిరిందన్న గొప్ప కూడా కొంచెం ఉంది. ఆమె లెక్కలు పట్టించుకోలేదు. చేతిలో కాయ అట్లాగే పట్టుకుని ఏదో ఆలోచించింది.

"సోమారం నాడు బస్టాపుల నిలబడ్డదంటివి గద," అంది.

"అవు. ఆకుపచ్చ దుపట్టా."

"ఆమె బస్సెక్కదంటివి. ఇల్లు ఆడ్నే అంటివి." కాయ ఒలిచి గింజలు చేటలో వేసింది. "మరి ఎవలి కోసం నిలబడ్డది?"

ఆ రోజు బస్సు స్టాపులో ఆగినప్పుడు, తల వంచుకునే ముందు, ఒక్కసారి ఆమె ముఖం చూశాను. ఆమె బస్సు బోర్డు వైపు చూడలేదు. దిగేవాళ్లను ఒక్కొక్కరినే చూస్తోంది.